లోల్వె నీలం కాదు

ఆ కంప్యూటర్ ఆటలో నీళ్ళు నీలంగా ఉంటాయి. నదయినా నీలమే, సరస్సయినా నీలమే. ఎక్కడో చలిదేశంలో కూర్చుని ఆట చేసినవాళ్ళు తాము చూసిన నీళ్ళనే పెట్టుకున్నారు. అది తప్పు కాదు. ఆ నీలాన్ని తెచ్చి లోల్వె సరస్సు మీద పరిచి, 'ఇదిగో మీ రేవు' అనడం తప్పు.

ఆ తప్పు చేసింది నగర ప్రణాళికల ఆఫీసు నుంచి వచ్చిన మ్వెండ్వా. మనిషి మంచివాడే. న్యాలుండా రేవు జాలర్లకి కాగితం మీది ప్లాను అర్థం కాదని, ఊళ్ళు కట్టే ఆ ఆటలో ఒడ్డంతా కట్టుకొచ్చి బడిగదిలో తెర మీద చూపించాడు. నడకదారి, హోటలు, వాటి పక్కన పడవలకి చోటు. "మీ పడవలు ఎక్కడ ఆగుతాయో మీరే చూపించండి" అన్నాడు. రేవు పెద్ద ఒబుయా లేచాడు. యాభై అయిదేళ్ళుగా ఆ నీళ్ళ మీద బతికిన మనిషి. తెర ముందు చాలాసేపు నిలబడి ఒకచోట వేలు పెట్టాడు. తర్వాత కాగితం మీద వేలిముద్ర కూడా వేశాడు.

మర్నాడు ఆ ప్లాను బడిగోడకి అంటించారు. రేవు పక్కన ఫోన్లు బాగుచేసే అడెరో దాన్ని చూసి తప్పు పట్టుకుంది. ఒబుయా చూపించింది రేవు కాదు, నీటిగుర్రాలు పడుకునే తుంగ. అసలు రేవు మీద హోటలు వచ్చి కూర్చుంది.

ఆమె తిన్నగా మ్వెండ్వా దగ్గరికి వెళ్ళింది.

"పెద్దాయనే చూపించాడమ్మా" అన్నాడతను. "ఇవాళ ఇక్కడ, రేపు అక్కడ అంటే పైవాళ్ళు ఒప్పుకోరు. శుక్రవారం ఆఖరి సమావేశం. రేవులోని పెద్దలు అయిదుగురూ విడివిడిగా వచ్చి ఒకే చోట వేలు పెడితే మారుస్తాను. లేకపోతే ఇంతే."

అడెరో ఒబుయాని వల దగ్గర పట్టుకుని మ్వెండ్వా అన్నది చెప్పింది. "తాతా, ఏమైంది నీకు? తెర మీద బడి కనబడలేదా? రోడ్డు కనబడలేదా?"

"పడవలోంచి బడిని ఎవడు చూస్తాడే? నేను నీళ్ళు చూసుకుని వస్తాను. ఆ తెర మీద నీళ్ళేవీ? నీలం దుప్పటి ఒకటి పరిచాడు. అంతమంది చూస్తుంటే తెలీదని ఎలా అనను? ఏదో ఒకచోట పెట్టాను."

పక్కన ఒమెనా చేపలు ఆరబెడుతున్న మిన్ ఒలాల్ చెయ్యి ఊపింది. "దానికింత గొడవెందుకు? బడికి ఎడంపక్క వేలు పెట్టమని అయిదుగురు ముసలాళ్ళకీ నేర్పెయ్."

"తన రేవు తాను చూపించడానికి తాతకి పాఠం చెప్పాలా పెద్దమ్మా? నేర్చుకోవలసింది ఆ తెర."

ఆ ఆట అడెరోకి కొత్త కాదు. ఏళ్ళ తరబడి ఆడుతోంది. దాని లోపల చెయ్యి పెట్టడం ఎవరూ నేర్పలేదు, చెడగొట్టి చెడగొట్టి తానే నేర్చుకుంది. మ్వెండ్వా కట్టిన ఊరిని అడిగి తన పాత ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకుంది. నీటి రంగంటే నాలుగైదు అంకెలు. అవి మార్చి నీలం తీసేసి మట్టిరంగు పెట్టింది. మిన్ ఒలాల్ తొంగిచూసి పగలబడి నవ్వింది.

"గిన్నెలు కడిగిన నీళ్ళలా ఉందే పిల్లా! సరస్సంతా ఒకటే రంగేమిటి?"

నిజమే. ఆటలో నీళ్ళన్నిటికీ రంగు ఒక్కటే. దుప్పటి రంగు మారింది గాని దుప్పటి దుప్పటే.

బుధవారం పొద్దున్న ఒబుయా ఆమెని పడవ ఎక్కించాడు. తెడ్డుతో చూపిస్తూ పోయాడు. ఏరు కలిసే మూల ఇటుకరాయి ఎరుపు. తుంగ దగ్గర నలుపు తిరిగిన ఆకుపచ్చ. ఆ రెండిటి మధ్య సన్నగా, బూడిద చల్లినట్టు ఒక చార. "కింద ఇసక. మోకాలి లోతు. ఆ చార పట్టుకుంటే కళ్ళు మూసుకుని మన రేవులో ఒడ్డెక్కొచ్చు."

కింద ఇసక! అడెరోకి దారి దొరికింది. రంగు నీళ్ళలో ఒక్కటే ఉంటే ఉండనీ. నీళ్ళు కొంచెం పలచన చేసి అడుగునేలకి రంగు వేస్తే పైకి కనబడదా? ఆ రోజూ మర్నాడూ దుకాణం మూసి, సరస్సుకి ఎదురుగా కూర్చుని సరస్సు అడుగు గీసింది. మిన్ ఒలాల్ చేపలు తిరగేస్తూ మధ్యమధ్య వచ్చి నీళ్ళ వంకా తెర వంకా చూసేది. "ఎరుపు ఎక్కువైంది, పెళ్ళికూతురి చీరా అది? బూడిద ఇంకాస్త. ఇంకాస్త. ఆఁ, ఆపు."

శుక్రవారం బడిగదిలో తెర వెలిగింది. మ్వెండ్వా మొహం చిట్లించాడు.

"నీళ్ళేంటి ఇంత మురిగ్గా చేశావ్?"

"కిటికీ తెరిచి చూడండి సారూ" అంది అడెరో.

అతను నిజంగానే కిటికీ దాకా వెళ్ళి చూసి, తిరిగొచ్చి, పెద్దల్ని పిలవమన్నాడు.

పెద్దల్ని బయట కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ పిలిచారు. మొదట ఒబుయా. ఈసారి నిలబడి ఆలోచించలేదు. గుమ్మంలోంచి నడుస్తూనే వేలు చాచి, బూడిదచార మీద పెట్టి, "ఇదిగో నా ఇల్లు" అన్నాడు. రెండో ముసలాయన అక్కడే. మూడో ఆయనకి చూపు ఆనదు, తెరకి ముక్కు ఆనించి మరీ అక్కడే. నాలుగు. అయిదోవాడూ అక్కడే వేలు పెట్టి, పక్కకి చూపిస్తూ, "ఈ ఎరుపులో మొన్న నా వల పోయింది, దొరికిందా?" అని అడిగాడు.



"మరి పోయినసారి తుంగలో ఎందుకు పెట్టావు తాతా?" అన్నాడు మ్వెండ్వా.

"పోయినసారి నువ్వు నాకు సరస్సు చూపించలేదు నాయనా."

మ్వెండ్వా పాత కాగితం అడ్డంగా కొట్టేసి కొత్తది తీశాడు. రేవు గుర్తు బూడిదచార మీదికి జరిపాడు. ఒబుయా వేలిముద్ర వేసి, సిరా చొక్కాకే తుడుచుకున్నాడు.

"పైవాళ్ళకి చూపించేటప్పుడు నీళ్ళు మళ్ళీ నీలం చెయ్యొచ్చా?" అని మెల్లిగా అడిగాడు మ్వెండ్వా.

"చెయ్యకూడదు" అంది అడెరో.

"సరేలే. మరి హోటలు ఎక్కడ పెట్టను?"

వెనక బల్ల మీంచి మిన్ ఒలాల్ గొంతు వచ్చింది. "తుంగలో పెట్టు నాయనా. నీటిగుర్రాలకి కూడా ఆకలేస్తుంది."