సిరిలో కొట్టిన బంతి

పొద్దున్నే కాఫీ తాగి, తలుపు తీసి, ఎవారిస్తో మొట్టమొదట ఆకాశం వైపు చూసేవాడు. బంతి ఉండేది. రేకుల కప్పులకు చాలా పైన, చెరకు మిల్లు పొగగొట్టానికి కాస్త ఎడంగా, సున్నపు బొట్టులా. ఉందని చూసుకున్నాకే సైకిల్ తీసేవాడు. సైకిల్ హ్యాండిల్‌కి తాడుతో కట్టిన రేడియో ఉండేది. బేస్‌బాల్ పోటీలు జరిగే చలికాలంలో, రాత్రి పట్నం జట్టు ఎలా ఓడిందో పొద్దున మళ్లీ చెప్పేవారు. అదే ఓటమిని రెండోసారి వింటూ, రెండోసారి తిట్టుకుంటూ, చెరకు వ్యాగన్లు నింపే చోటికి పోయేవాడు.

ఆ బంతిని కొట్టింది అతని తండ్రి సిరిలో. అప్పటికి ఎవారిస్తో చంకలో బిడ్డ. మా సాంతా రీతా బస్తీకీ, కాలువ అవతలి లా నోరియా బస్తీకీ ఆట. ఆఖరి బ్యాటింగు మాది. ఇద్దరు అవుటయ్యారు. ఒక్క పరుగు వెనకబడి ఉన్నాం, బేస్ మీద మావాడొకడు నిలబడి ఉన్నాడు. బంతి కంచె దాటితే మేం గెలిచినట్టు, గాల్లో పట్టేస్తే వాళ్లు గెలిచినట్టు. సిరిలో కొట్టాడు. బంతి పైకి పోయింది. పోయిందంతే, దిగలేదు.

జనం మెడలు నొప్పెట్టేదాకా చూసి, ఆకలేసి ఇళ్లకు పోయారు. ఆట ముగియలేదనీ, ముగియని ఆటలో బంతి కింద నిలబడ్డవాడు కదలకూడదనీ అంపైర్ అన్నాడు. ఆ మాట న్యాయమే. ఎడమ కొసన కంచె దగ్గర నిలబడ్డ లా నోరియా ఆటగాడు నికనోర్ అక్కడే ఉండిపోయాడు. ముందు వాళ్లమ్మ అన్నం తెచ్చేది, తర్వాత అక్కలు తెచ్చారు. వాళ్లూ పోయాక మా బస్తీ ఆడవాళ్లే ఉడకబెట్టి మెదిపిన అరటికాయ ముద్ద గిన్నెలో పెట్టి పంపేవాళ్లు. అతనికి తాటాకులతో ఒక నీడ కట్టారు. అంపైర్ చచ్చిపోయాడు గానీ అతని మాట చావలేదు. సిరిలో కూడా ఒక కోతల కాలంలో వ్యాగన్ కింద పడి పోయాడు. కొడుక్కి మిగిల్చింది ఆ బంతి ఒక్కటే.

సాయంత్రాలు ఎవారిస్తో ఒక చెంబులో కాఫీ పట్టుకుని కంచె పక్కన నికనోర్ దగ్గరికి వెళ్లేవాడు.

"ఏరా సిరిలో కొడకా, మీ నాన్న కొట్టింది ఇవాళైనా దిగుతుందా లేదా? నా మోకాళ్లు అడుగుతున్నాయి."

"దిగితే కంచె అవతలే దిగుతుంది తాతా. నీ గ్లవ్‌కి పని లేదు, కోడికి గూడు చేసిపెట్టు."

"కోళ్లు కూడా లా నోరియావైతేనే ఎక్కుతాయి దీంట్లోకి. మీ కోళ్లకి గుడ్డు పట్టుకోవడమే చేతకాదు."

కాఫీ తాగినంతసేపూ ముసలాయన కళ్లు పైనే ఉండేవి. గిన్నెలో ఏముందో చూడకుండా తినడం ఆయనకు ఎప్పుడో అలవాటైపోయింది.

ఆ ఏడు ఎవారిస్తో పెళ్లాం నెరెయిద కడుపుతో ఉంది. ఇద్దరికీ తొలి చూలు. పక్షుల ఈకలంత తేలిగ్గా నవ్వే మనిషి, కడుపు బరువెక్కేకొద్దీ ఇంకా తేలిగ్గా నవ్వింది. లోపలి బిడ్డ ఎప్పుడూ ఎడమవైపే తన్నేది. ఎవారిస్తో అక్కడ చెయ్యి పెట్టి, "ఎడమచేతివాటం. బంతి విసిరే పిచ్చర్ అవుతాడు" అని తేల్చేశాడు. మా బస్తీలో పిల్లలకు తోలు గ్లవ్ ఎవరు కొనిస్తారు? పాల అట్టపెట్టె కోసి, మడిచి, చేతికి తొడుక్కుని ఆడతారు. అతనూ ఒక చిన్న పాలపెట్టె కడిగి, ఎండబెట్టి, వేలెడంత గ్లవ్ చేశాడు. ఎడమచేత్తో విసిరేవాడికి గ్లవ్ కుడిచేతికి ఉండాలి గదా, అందుకని కుడిచేతికే చేశాడు.

"ఆడపిల్ల పుడితే ఏం చేస్తావు?" అంది నెరెయిద.

"ఆడపిల్లకి చేతులుండవా?"

"ఉంటాయి. నాకు నొప్పులొచ్చే రోజున మటుకు నీకు కళ్లుండవు. పైన చూస్తూ కూర్చుంటావు, నాకు తెలుసు."

"నీ మీద ఒట్టు. చూడను."

"నా మీద వద్దు. ఆ బంతి మీద పెట్టు, నమ్ముతాను."

ఎవారిస్తో నవ్వాడు గానీ బంతి మీద ఒట్టు పెట్టలేదు.

నెలలు నిండాక, ఒక శనివారం మధ్యాహ్నం బస్తీ అంతా ఒక్కటే కేక. బంతి కిందికి జారింది. పొగగొట్టం కొస దాకా వచ్చి ఆగింది. దాని కుట్లు ఎర్రగా కనిపిస్తున్నాయి. లా నోరియా జనం కాలువ దాటి పరుగెత్తుకొచ్చారు. నికనోర్ మోకాళ్లు వంచి గ్లవ్ ఎత్తాడు. ఎవారిస్తో గుమ్మంలో నిలబడి పెళ్లాం వైపు చూశాడు.

"పోరా, చూసి రా" అంది నెరెయిద. "అటు చూస్తూ ఇటు కూచుంటే నాకు నీ మెడ నొప్పి కూడా పట్టుకుంటుంది."

ఇల్లు కంచెకు అవతలే. పిలిస్తే పలికే దూరం. వెళ్లాడు. బంతి వేలాడుతూనే ఉంది. కదిలినట్టే ఉంటుంది, కదలదు. పక్కింటి పిల్ల పరుగెత్తుకొచ్చి నెరెయిదకు నొప్పులు మొదలయ్యాయని చెప్పింది. "ఇదిగో, వస్తున్నా" అన్నాడు. ఆ మాట నిజంగానే అన్నాడు. సరిగ్గా అప్పుడే బంతి వణికింది, జనం ఊపిరి బిగబట్టారు, అతనూ బిగబట్టాడు. ఆ తర్వాత ఎంతసేపు గడిచిందో అతనికి తెలియలేదు. చీకటి పడి బంతి కనబడకుండా పోయాక ఇంటికొచ్చాడు. మంత్రసాని దోన్య తొమసిన అప్పటికే తలుపు మూసేసింది.

తెల్లారాక ఆ తలుపు తెరుచుకుంది. ఆడపిల్ల. వేళ్లూ గోళ్లూ రెప్పలూ అన్నీ అమరిన పిల్ల. పేగు మెడకు చుట్టుకుంది. ఏడవలేదు.

"నువ్వు గుమ్మంలో ఉన్నా ఇంతేరా" అంది దోన్య తొమసిన. "గుమ్మంలో మొగాడున్నాడని పేగు మెడ వదలదు."

ఆమె అన్నది నిజమే. ఆ నిజం అతనికి ఎందుకూ పనికిరాలేదు. మంచం దగ్గరికి వెళ్లాడు. నెరెయిద చాలాసేపు అతన్ని చూసింది.

"బంతి దిగిందా?" అంది.

"లేదు" అన్నాడు.

ఆమె గోడవైపు తిరిగింది.

మా బస్తీలో పసిబిడ్డ పోతే ఏడవరు. బిడ్డకు తెల్లగౌను తొడిగి, కాగితపు రెక్కలు కట్టి, బల్ల మీద పువ్వుల మధ్య పెడతారు. డప్పు వాయిస్తారు, పాటలు పాడతారు, అల్లం టీ పంచుతారు. బిడ్డ దేవదూతై పైకి ఎగురుతుంది గదా, తల్లి ఏడిస్తే రెక్కలు తడుస్తాయి. తడిస్తే సగం దారిలో పడిపోతుంది. అందుకని తల్లి కళ్లు పొడిగా ఉండాలి. శ్మశానానికీ రాకూడదు, గుమ్మంలోనే కూర్చోవాలి.

నెరెయిదను లేపి కుర్చీలో కూర్చోబెట్టారు. డప్పు మోగుతుంటే ఆమె దోన్య తొమసినను అడిగింది.

"ఎప్పటిదాకా ఏడవకూడదు?"

"పాప చేరేదాకా తల్లీ."

"చేరిందని ఎలా తెలుస్తుంది?"

దోన్య తొమసిన ఎంతోమంది తల్లులకు ఈ మాట చెప్పింది. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆమె కూడా ఒకప్పుడు తన పసివాణ్ణి అలాగే పంపింది, ఆమె కూడా అడగలేదు. మా బస్తీ ముసలాడవాళ్లలో చాలామంది గొంతులు అలా ఏడుపు మింగి మింగి గరుకెక్కినవే.

"తెలుస్తుంది" అని మాత్రం అంది.

ఎవారిస్తో పాలపెట్టె గ్లవ్ తెచ్చాడు. పాప కుడిచేతికి తొడిగాడు. సరిగ్గా సరిపోయింది. నెరెయిద అది చూసింది. ఆమె గడ్డం వణికింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు పాట గట్టిగా ఎత్తుకున్నారు. ఆమె పెదవి కొరుక్కుని ఆపుకుంది. రక్తం వచ్చింది గానీ కన్నీళ్లు రాలేదు.

ఎండ తగ్గాక పెట్టెను ఎత్తారు. ఎవారిస్తో దాన్ని ఒక్కడే మోశాడు, ఇంకొకరి సాయం అక్కర్లేనంత తేలిక. శ్మశానానికి దారి ఆటమైదానం అంచు మీదుగానే. నికనోర్ గ్లవ్ దించలేదు గానీ టోపీ తీశాడు. "నీ మనవరాలొస్తోంది, అందుకో సిరిలో" అని పైకి చూసి గొణిగాడు.

గుంటలో మట్టి వేశారు. అప్పుడు పొగగొట్టం దగ్గరున్న బంతి మెల్లగా పైకి లేచింది. మునుపున్న చోటు దాటింది, ఇంకా పోయింది, చుక్కంత అయింది, కనబడకుండా పోయింది. మా ఊరి ఆకాశం అంత ఖాళీగా ఉండడం పెద్దవాళ్లు తప్ప ఎవరూ ఎరగరు. ఎవారిస్తో చేతిలో మట్టి అలాగే ఉండిపోయింది. తండ్రి, కూతురు, బంతి, అన్నీ ఒక్కరోజే పోయాయనుకున్నాడు.

తర్వాత అది తిరిగొచ్చింది.

కొట్టిన బంతి దిగినట్టు రాలేదు. ఒక పక్కకి వంకరగా తిరుగుతూ, బలం లేకుండా, ఆగి ఆగి వచ్చింది. సూటిగా నికనోర్ మీదికే వచ్చింది. లా నోరియావాళ్లు "పట్టు! పట్టు!" అని అరిచారు. జీవితమంతా ఆయన దాచుకున్న చెయ్యి పైకి లేచింది. ఆయన కళ్లు చిట్లించి బంతి తిరుగుడు చూశాడు. ఇంకొంచెం చూశాడు. చెయ్యి కిందికి దించేశాడు.

బంతి ఆయన తల మీదుగా కంచె దాటింది. వాకిట్లో ఒక్కసారి ఎగిరి, గుమ్మంలో కూర్చున్న నెరెయిద ఒడిలో పడింది.

"ముసలోడా, కళ్లు పోయాయా? చేతిలోకొచ్చిన ఆటని వదిలేశావు!" అని లా నోరియావాడొకడు తిట్టాడు.

"కొట్టిన బంతైతే నాది" అన్నాడు నికనోర్. "ఇది విసిరిన బంతి. ఎడమచేత్తో విసిరింది. విసరడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న చెయ్యి. వాళ్లమ్మకి విసిరితే మధ్యలో నేనెవణ్ణిరా పట్టడానికి?"

తిట్టినవాడు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఎవారిస్తో పరుగెత్తుకొచ్చి గుమ్మం ముందు ఆగిపోయాడు. దగ్గరికి రావచ్చో లేదో అతనికి తెలియలేదు. నెరెయిద బంతిని రెండు చేతులా పట్టుకుని ఉంది. దానికి పాలపెట్టె అట్ట పీలిక ఒకటి అంటుకుని ఉంది.

"బంతి దిగింది, ఎవారిస్తో" అంది.

అతను ఆమె కాళ్ల దగ్గర మట్టిలో కూలబడ్డాడు.

వెనకాలే రొప్పుకుంటూ వచ్చిన దోన్య తొమసిన ఆ పీలికను చూసింది, వేలితో తాకింది. "చేరింది తల్లీ" అంది. "ఇక ఏడువు."

నెరెయిద ఏడ్చింది. భర్త తల మీద నుదురు ఆనించి, బంతి ఇద్దరి మధ్యా నలుగుతుండగా, బస్తీ అంతా వినబడేలా ఏడ్చింది. దోన్య తొమసిన పక్కనే మెట్టు మీద కూర్చుని, తను ఎప్పుడో పంపినవాడి కోసం మొదలుపెట్టింది. ఎదురింటి ముసలమ్మ గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. ఆ పక్కింటామె కూడా. పొద్దు వాలేదాకా ఒక్కో గుమ్మంలో ఒక్కో గరుకు గొంతు విడింది. ఎవరూ ఎవరినీ ఊరుకోమనలేదు.

ఎవరు గెలిచారని ఎవరూ అడగలేదు. నికనోర్ తాటాకు నీడ కింద గ్లవ్ విడిచి, కాలువ దాటి వాళ్ల ఊరికి నడిచిపోయాడు. అలవాటు మీద మెడ పైకే ఉంది. దారి కోసం రాయి రాయినీ కాళ్లతో తడుముకుంటూ పోయాడు.