సన్నే నెత్తిమీది తొట్టి

కేసా అప్పటికి మూడోసారి వాగులోకి ఉమ్మాడు. చచ్చిపోయిన పెద్దలు తన నోటితో మాట్లాడిన ప్రతిసారీ అతని నోరు చేదెక్కుతుంది. ముప్పై ఏళ్లుగా ఇదే రోత.

గట్టు మీద గొంతుక్కూర్చుని ఆకుదొప్పలోని నీళ్లను చూస్తున్నాడు. నీళ్లలో రెండు బియ్యపు గింజలున్నాయి. ఒకటి మొన్న చచ్చిపోయిన సన్నే, రెండోది వాళ్లింటి పెద్దలు. గింజలు అంటుకుంటే సన్నే జీవం పెద్దల కుండలోకి చేరినట్టు. లేకపోతే వాగు వెంట ఆకలితో తిరగాల్సిందే. పొద్దుటినుంచీ గింజలు చెరో అంచున ఉన్నాయి.

పోడు పని లేని రోజున కేసా పని ఇదే. పాదాల పగుళ్లలో బురద ఎండి ఉంటుంది, ముందు పళ్లు రెండు లేవు. చావు జరిగితే తప్ప అతనొకడు ఉన్నాడని ఊరికి గుర్తుండదు.

"ఏమంటుండ్రు మామా?" అని అడిగాడు సన్నే మొగుడు హిడ్మా.

"పంది గావాలంట."

"కోడి తెచ్చిన గదా!"

"కోడి ఏందంటుండ్రు. ఇప్పసారా పల్చగుందంట."

కేసాకు ఒళ్లు మండింది. ఆ పెద్దలు తనకు తెలియని వాళ్లా? హిడ్మా తాత బతికినన్నాళ్లూ అడవిగడ్డలు తవ్వుకు తిన్నాడు. చచ్చాక పంది కొవ్వు లేనిదే మాట పెగలడం లేదు. కేసా కళ్లు మూసుకున్నాడు. అతని గొంతు ముసలిదై కీచుమంది.

"పందినిచ్చినా సన్నే లోపలికి వచ్చేటట్టు లేదు. దాని నెత్తిమీద తొట్టి ఉంది. తొట్టితోని కుండల యాడ పడతది?"

హిడ్మా నోరు తెరిచాడు. ఊళ్లు తనిఖీ చేస్తూ దౌరా వచ్చిన సర్కారు సాహెబు ఒకడు తన స్నానపు రేకు తొట్టిని ఎర్రబోరు నుంచి మరైగూడకు వెట్టికి మోయించాడు. మోసింది సన్నే. ఎండలో దారిమీదే కూలబడి చచ్చింది. తొట్టిని ఇంకొకరి నెత్తికెత్తారు, సాయంత్రానికి సాహెబు హాయిగా నీళ్లు పోసుకున్నాడు. ఆ సబ్బు నురుగు తలుచుకుని కేసా మళ్లీ వాగులోకి ఉమ్మాడు.

"తొట్టి వాళ్లు తీస్కపోయిండ్రు గదా మామా!"

"దీన్ని దించమని ఎవరన్నా జెప్పిండ్రా? చెప్పందే దించుతదా అది?"

హిడ్మా తల వంచుకున్నాడు. సన్నే అటువంటిదే.

"మీరే ఓ చెయ్యేసి దించుండ్రి," అన్నాడు కేసా దొప్పతో.

కీచుగొంతు వెంటనే లేచింది. "మేమా? సర్కారు మాల్ కింద పెడితే దండుగ ఎవరు కడతరు? ఇంకో నెత్తి చూపియ్యి, మారుస్తం."

థూ! చచ్చి ఇన్నేళ్లయినా వీళ్లకు సాహెబంటే వణుకు పోలేదు. వీళ్ల మధ్యన పోయినవాళ్లకు చోటు కోసమా తాను ఇంతకాలం బతిమాలింది? కేసాకు వాళ్ల మీదా తన మీదా అసహ్యం పుట్టింది.

"నా నెత్తి ఉంది మామా," అన్నాడు హిడ్మా మెల్లగా.

"నోర్మూయ్ అల్లుడా! ఇంటికాడ పాలు తాగే పిల్ల ఉంది. దానికెవడు గంజి పోస్తడు?" కేసా దొప్ప మీదికి వంగాడు. "నాది తీస్కోండ్రి. ముసలిదే గాని గట్టిది. పంది ఊసు మాత్రం ఎత్తొద్దు. కోడితోనే సరి."

కేసా చేతులు ఊరికే ఉండలేక గట్టు మీది గడ్డి పీకసాగాయి. కాసేపటికి గింజలు రెండూ మెల్లగా కదిలి, మధ్యలో అంటుకున్నాయి.

హిడ్మా ఏడుస్తూ, సన్నే జీవాన్ని ఇంటికి చేర్చే వాగునీళ్లు కుండలో ముంచుకున్నాడు. ఆ కుండ ఇల్లు చేరేదాకా వెనక్కి తిరిగి చూడకూడదు.

"రా మామా, బువ్వ తిందువు," అన్నాడు అటే నడుస్తూ.

"నడువు. వస్త."

కేసా మెడ కొద్దికొద్దిగా కుంగింది. గట్టుకు ఆనుకుని, ఒక చెయ్యి నెత్తికి ఆనించి, కళ్లు మూసుకున్నాడు.

కుండ ఇంట్లో దించి, బువ్వకు పిలవడానికి తిరిగొచ్చిన హిడ్మా అతని ఒంటిని తాకి చూశాడు. చల్లగా ఉంది. ఊళ్లో వాళ్లు వచ్చి మోసుకుపోయారు. కేసా జీవాన్ని ఇంటికి తెచ్చేందుకు బేరమాడే పని వాళ్లలో ఒక్కరికీ రాదు.

గట్టు మీద, అతని తల ఆనిన చోట, పచ్చగడ్డితో బిగించి చుట్టిన చుట్టకుదురు ఒకటి బరువుకు అణిగి ఉంది.