దేవుని పేరు మీద అడిగిన పని

శ్రీహరి గారూ, ఖలీల్ చావుకు బాధ్యులు మీరు. మీతో పాటు మేమూ.

మీరు దొంగ భక్తులని నేననను. సిరిసిల్లలో బట్టల ఆర్డర్లు పంచే బోర్డుకు చైర్మన్ అయ్యాక కూడా మాల వేసుకుని నేల మీద పడుకున్నారు. మల్యాల నుంచి కొండగట్టు అంజన్న గుడికి చెప్పుల్లేకుండా నడిచారు. అది చూసి మేం తప్పు చేశాం.

అప్పటికి మూడు నెలలుగా మా సాంచాలు, అదే మరమగ్గాలు, ఆగిపోయి ఉన్నాయి. గుడ్డ నేస్తేనే మాకు పూట గడిచేది. పని మా హక్కని అడగాల్సింది. అడగలేదు.

"సారు అంజన్న భక్తుడు. అంజన్న పేరు మీద అడుగుదాం, కాదనడు," అన్నాడు మాతో సాంచాలు నడిపే మొండయ్య.

"అడుగురి అన్నా. ఎవలిచ్చినా అన్నం అన్నమే," అని ఖలీల్ కూడా నవ్వాడు.

మీరిచ్చారు. గుళ్ళకు జెండాల గుడ్డ. కింద ఒక షరతు: మాల వేసినవాళ్ళే సాంచా ముట్టాలి.

మొండయ్యకూ ఖలీల్‌కూ అవే ఎనిమిది సాంచాలు. పగలు ఒకరు, రాత్రి ఒకరు, పందొమ్మిదేళ్ళు. జెండాల గుడ్డ మొదలైన పొద్దున మొండయ్య మాలతో వచ్చాడు. ఖలీల్‌ను గడప దగ్గరే ఆపారు. మేమంతా చూస్తూ నిలబడ్డాం.

"నలభై ఒక్క రోజులే తమ్మీ. ఓర్సుకో," అన్నాడు మొండయ్య.

"మూడో సాంచకు ఊకె పోగు తెగుతది, చూస్కో," అని ఖలీల్ వెళ్ళిపోయాడు.

కోరుట్లలో మక్కజొన్న బస్తాలు మోయడానికి కుదిరాడు. పోగులు ముడివేసే చేతులవి. పదహారో రోజు ఎండలో బస్తాతోనే కూలిపోయాడు. మళ్ళీ లేవలేదు.

శవం ఇంటికొచ్చినప్పుడు అతని భార్య జులేఖాబీ మొండయ్య మెడ వైపే చూసింది.

"పోయినేడు నీ మాల తెగితే పూసలు మళ్ళ గుచ్చి ఇచ్చినయి గా చేతులే గదా అన్నా. గప్పుడు లేని మైల గిప్పుడెట్లొచ్చె?"

 

మర్నాడు సాంచాలు ఆపి రెండు వందల మందిమి బోర్డు ఆఫీసుకు పోయాం. మీరు బయటికొచ్చారు. మీ కళ్ళు తడిగానే ఉన్నాయి.

"నాకెవరి మీద పగ లేదు. దేవుని గుడ్డకు నియమం ఉండాలె గదా," అన్నారు.

నూలు కండెలు చుట్టే సత్యవ్వ ముందుకొచ్చింది. "నువ్వు ఉపాసముంటే నీ పుణ్యం సారు. మమ్ముల ఉపాసముంచితే గది ఎవల పుణ్యం?"

"నేను మాల తియ్య," అన్నాడు మొండయ్య. "అంజన్న నాకూ దేవుడే. కని గా షరతున్నన్ని దినాలు నేను సాంచ ముట్ట."

"పాపం తగుల్తది మొండయ్యా," అన్నారు మీరు.

"తగిలింది సారు. గడప కాడ తమ్ముణ్ని ఓర్సుకోమన్ననాడే తగిలింది."

పోలీసులు అతన్ని మాలతోనే జీపెక్కించారు. భక్తుల మనసు గాయపరిచాడని కేసు. ఈ రోజుకీ జైల్లోనే ఉన్నాడు.

జులేఖాబీ బోర్డు ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. జగిత్యాల, కోరుట్ల కూలీలారా, చదువుకునే పిల్లలారా, వచ్చి ఆమె పక్కన కూర్చోండి. ఆ షరతు కొట్టేయాలి. మొండయ్యను వదలాలి. అప్పటిదాకా సిరిసిల్లలో ఒక్క సాంచా నడవనీయొద్దు.