మూడు ల్యాబుల సగటు

షేడు మాస్టారికి ఆ పేరు ఊరికే రాలేదు. ఊడిన గోడ పెచ్చు ఒకటి తెచ్చి ఆయన పెయింటు షాపు కౌంటరు మీద పెడితే చాలు, రంగులు కలిపే మిషను కంటే ముందు ఆయన కన్నే లెక్క చెప్పేసేది. అంతటి మనిషి ఆ ఉదయం ల్యాబు ఇచ్చిన కాగితం పట్టుకుని, తనే వెలిసిపోయిన గోడలా నిలబడ్డాడు.

కాగితంలో పైనుంచి అన్నీ నెగెటివ్. నెగెటివ్ అన్న మాట చూసి మనిషి పొంగిపోయేది లోకంలో ఆ ఒక్క చోటే. పొంగుతూ పొంగుతూ చివరి వరుసకు వచ్చేసరికి, నీళ్లు చల్లినట్టు చప్పున చల్లారాడు. హెర్పిస్, రెండో రకం: 1.06. పక్కన 'అస్పష్టం'.

"0.9 లోపుంటే లేనట్టు సార్. 1.1 దాటితే ఉన్నట్టు. మీది మధ్యలో ఉంది" అంది కౌంటరులో అమ్మాయి.

"మధ్యలో అంటే?"

"మధ్యలో అంటే మధ్యలోనే సార్. తర్వాతెవరండీ?"

ఇదంతా కోరి తెచ్చుకున్నదే. రెండు వీధుల అవతల కళ్లద్దాల షాపు నడిపే ఆవిడకు భర్త పోయి చాలా కాలమైంది. మాస్టారికి విడాకులై ఆరేళ్లు. ఇద్దరికీ మాట కలిసింది, టీ కలిసింది, మనసూ కలిసేలా ఉంది. "మనం చిన్నపిల్లలం కాదు. ఇంకా దగ్గరయ్యే ముందు ఇద్దరం రక్తపరీక్షలు చేయించుకుందాం" అని ఆవిడే అని, వారం తిరక్కుండా "నావన్నీ క్లీన్" అని చెప్పింది. ఆవిడ చేయించుకున్నది మామూలు పరీక్షలు. ఒక్క గదికి రంగు అడగొచ్చినవాడికి ఇల్లంతా వేయించి పంపే అలవాటున్న మాస్టారు, ల్యాబులో తన అలవాటుకు తనే బలై, ఫుల్ ప్యాకేజీ తీసుకున్నాడు.

గోడకు పొక్కులొస్తే లోపల చెమ్మ ఉందని చెప్పగలడు. హెర్పిస్ అంటే ఒంటి కలయికతో అంటుకునే పొక్కుల జబ్బట. తన ఒంటి మీద ఎన్నడూ ఒక్క పొక్కయినా లేచిన గుర్తు లేదు. మరి లోపలేముంది?

కొత్త సంబంధం కోసం చేయించిన రక్తపరీక్ష రక్తసంబంధం కంట పడక తప్పలేదు. షాపులో సగం వాటా ఉన్న అక్క, తమ్ముడి మొహం చూసి కాగితం లాక్కుంది.

"ఏంట్రా ఇది, పెళ్లికి ముందు ఇన్ని పరీక్షలా? మీ బావ ఒక్కదాంట్లో కూడా పాసవలేదు. నేను చేసుకోలేదూ?"

"అది కాదక్కా. ఉందో లేదో తేల్చట్లేదు వీళ్లు."

"షేడు తేలకపోతే మనమేం చేస్తాం? ఇంకో డబ్బా తెరుస్తాం."

ఆ మాట మాస్టారికి మంత్రంలా పనిచేసింది. ఇంకో ల్యాబుకు పోయాడు. 0.84, లేదన్నారు. ఎగిరి గంతేయబోయి, మనసాగక మూడో ల్యాబుకూ పోయాడు. 1.21, ఉందన్నారు. లేదు, ఉంది, ఏమో. అప్పుడు మాస్టారు తన వృత్తిలో ఎవరైనా చేసే పనే చేశాడు: మూడింటినీ కలిపేశాడు. కలిపి మూడుతో భాగిస్తే సుమారు 1.04 వచ్చింది. మళ్లీ అదే మధ్యలో.

ఈలోగా ఆవిడ టీ కప్పు అందిస్తే మాస్టారు బల్ల మీద పెట్టమనడం, పక్కన కూర్చుంటే లేచి కిటికీ దగ్గరికి పోవడం మొదలైంది. రెండు వారాలు చూసి ఆవిడ ఫోనులో ముక్కుసూటిగా చెప్పింది: "ఆదివారం మా ఇంట్లో భోజనం. రాకపోతే ఇంకెప్పుడూ పిలవను."

శనివారం పొద్దున్నే మాస్టారు డాక్టరమ్మ ముందు మూడు కాగితాలు, వాటి మీద తన సగటు పరిచాడు. డాక్టరమ్మ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

"రక్తమేమైనా డిస్టెంపరా అండీ, కలిపి చూడ్డానికి? ల్యాబుకో మిషను, మిషనుకో లెక్క. పైగా ఈ అంకె జబ్బెంతుందో చెప్పదు. యాంటీబాడీల జాడ మిషనుకు ఎంత కనపడిందో చెప్తుంది. గీతకు ఇంత దగ్గరగా ఉన్నవి చాలాసార్లు ఉత్తుత్తివే."

"అంటే నాకు లేనట్టేనా?"

"అలా అని నేననలేదు. ఇంకో పద్ధతిలో, ఇంకా కచ్చితంగా చూసే పరీక్ష ఉంది. ఈమధ్య ఎవరితోనైనా దగ్గరగా…?"

"ఆరేళ్లుగా గోడలతోనే అండీ."

"అయితే ఆగక్కర్లేదు, ఇప్పుడే చేయించొచ్చు. దగ్గరై ఉంటే, యాంటీబాడీలు పుట్టేదాకా మూడు నెలలు ఆగమనేదాన్ని."

"తేలేదాకా ఆవిడకు చెప్పకుండా ఉండొచ్చా?"

"ఉండి ఏం చేస్తారు?"

"ఇప్పుడు చేస్తున్నదే. తప్పించుకు తిరుగుతాను."

"ఆవిడ ఈపాటికి ఇంతకంటే పెద్ద జబ్బే ఊహించుకుని ఉంటుంది. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మీ సగటు మాత్రం చెప్పకండి."

సాయంత్రం కళ్లద్దాల షాపులో జనం లేరు. ఆవిడ నవ్వలేదు.

"కస్టమరుగా వచ్చారా, ఇంకోలా వచ్చారా? కస్టమరైతే కూర్చోండి."

ఇంకోలా అనే ధైర్యం లేక మాస్టారు పరీక్ష కుర్చీలో కూర్చున్నాడు. ఆవిడ బరువైన ఇనప ఫ్రేము ఆయన ముక్కు మీద ఎక్కించి, టకటకా అద్దాలు దించింది. "చదవండి."

"ఏమీ కనపడట్లేదు. అదే నయం. మీ మొహం కనపడితే చెప్పలేను." ఒక్క గుక్కలో మొత్తం చెప్పేశాడు. వద్దన్న సగటుతో సహా.

ఎదుటి మసకలో కుర్చీ లాక్కుని కూర్చున్న శబ్దం.

"మూడు ల్యాబులు తిరిగారా?"

"తిరిగానండీ."

"మూడూ కలిపి మూడుతో భాగించారా?"

"భాగించానండీ."

"ఇంత బాధనూ మూడుతో భాగించారు కానీ, నాతో పంచుకోలేదు. రెండు వారాలుగా నేనేమనుకున్నానో తెలుసా? అద్దంలో నా మొహం చూసుకుని, నా వయసు మీకు ఇప్పుడే కనపడిందేమో అనుకున్నాను."

"తప్పయిపోయిందండీ. ఇంక నాకు పిలుపు లేనట్టేనా?"

సొరుగు లాగిన చప్పుడు, కాగితాలు తిరగేసిన చప్పుడు.

"నావన్నీ క్లీన్ అన్నాను కదా. ఇందులో అసలు ఈ పరీక్షే లేదు. అడగని ప్రశ్నకు నూటికి నూరు వేసుకున్నాను. చిన్నప్పటినుంచీ నాకు జ్వరమొస్తే పెదవి మీద పొక్కు లేస్తుంది. అది మొదటి రకమేనేమో, నేనూ అడగాలి."

"అంటే మీక్కూడా…"

"నాక్కూడా ఏమో. సోమవారం మీ డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరం వెళ్దాం. తేలేదాకా ఆ ఒక్క విషయం ఆగుతుంది. ఉందని తేలితే ఏం జాగ్రత్తలున్నాయో అవీ అడుగుదాం. భోజనం ఎందుకాగాలి? రేపు రండి."

మాస్టారు ఉన్నపళంగా లేచాడు. ఫ్రేము తీయడం మర్చిపోయి చెయ్యి చాచాడు. ఆ అద్దాల మసకలో ఆవిడ ఇద్దరిగా కనిపించింది. లేని ఆవిడ చెయ్యి పట్టుకోబోయి గాల్లో తడుముతుంటే, ఉన్న ఆవిడే చెయ్యి అందించింది.