బల్బు వెలిగితేనే

సెల్లు తీసి రెండు రాగిరేకుల మధ్య పెట్టాడు కుర్మయ్య. శనగగింజంత బల్బు వెలిగింది. దాన్ని పక్కన పెట్టి ఇంకొకటి తీశాడు. వెలిగింది. మూడోది వెలగలేదు. దాన్ని ఎడమవైపుకు నెట్టాక గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు. ఇవాళ తన పని ఇది కాదు.

మేడ్చల్‌లోని ఆ సెల్లుల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లుగా అతనిది చెకింగ్ బల్ల. టార్చిలైట్లలో, రేడియోల్లో వేసుకునే ‘వెన్నెల’ సెల్లు ఏదైనా అతని బల్బును వెలిగించాకే బయటికి పోవాలి. సెల్లుల్లోని నల్లపొడి గోళ్లలోకి ఇంకిపోయి ఎంత రుద్దినా వదిలేది కాదు. పెళ్లిళ్లకు పోతే చేతులు జేబులో పెట్టుకుని నిలబడేవాడు. అయినా తన ఊరు షామీర్‌పేటలో ఎవరైనా టార్చి వేస్తే చాలు, లోపలున్నది వెన్నెలేనా అని అడక్కుండా ఉండలేడు. అంత పిచ్చి!

రెండువేల ఒకటి ఏప్రిల్‌లో బయటిదేశాల సరుకు మీద ఉన్న ఆంక్షలు ఢిల్లీవాళ్లు ఎత్తేశారని పేపర్లో పడింది. హోటల్లో చాయ్ తాగుతూ చదివి, మనకెందుకులే అని మడిచి పెట్టాడు. ఆర్నెల్లు తిరక్కుండా చైనా సెల్లులతో బజారు నిండిపోయింది. సగం ధరకు దొరుకుతుంటే వెన్నెలను ఎవరు కొంటారు? మిషన్లు ఆగాయి. చివరికి యజమాని చలపతిరావు ఆ చైనా సెల్లులనే పట్టీల్లేకుండా పెట్టెలకు పెట్టెలు తెప్పించాడు. వాటికి వెన్నెల పట్టీ చుట్టి అమ్ముతారు. ఆ పనికి ఆరుగురు చాలు, మిగతా ముప్పైమంది ఇంటికే. ఎవరి చేతులు జోరుగా ఆడతాయో చూసి సాయంత్రం పేర్లు చదువుతామన్నారు.

యాభై మూడేళ్లవాణ్ణి ఇంకెవరు పనిలో పెట్టుకుంటారు? ఎట్లాగైనా ఆ ఆరుగురిలో ఉండాలని పొద్దున బస్సులోనే గట్టిగా అనుకుని వచ్చాడు. చెయ్యి వింటేగా!

సూపర్‌వైజర్ జనార్ధన్ వచ్చి చూశాడు. "ఏంది పెద్దయ్యా, పట్టీ సుట్టమంటే గీ ముచ్చటేంది?"

"పెట్టెకు నాలుగైదు ఎలుగుతలేవు సార్."

"నిన్ను సూడుమన్నదెవరు? సుట్టు, జల్దీ."

ఎదురుగా కూర్చున్న శివమ్మ అప్పటికే ఎనిమిదో పెట్టె ముగించింది. భర్త పోయాక ఇద్దరు పిల్లల్ని ఈ ఫ్యాక్టరీ జీతంతోనే సాకుతోంది. "కండ్లు మూసుకొని సుట్టు కుర్మన్నా. నీ సొమ్మేం పోతాంది?" అంది.

నిజమే, తన సొమ్మేం పోతుంది? రాగిరేకుల చట్రాన్ని బల్ల కిందికి తోసేశాడు. రెండు పెట్టెలు చకచకా చుట్టాడు. మూడో పెట్టె దగ్గర చెయ్యి ఆగిపోయింది. వెలగని సెల్లుకు వెన్నెల పేరు చుట్టి, నమ్మి కొన్నవాడి చేతిలో పెట్టడమేగా ఇది! వంగి చట్రాన్ని మళ్లీ పైకి తీశాడు.

సాయంత్రానికి అందరికన్నా వెనకబడింది కుర్మయ్యే. అయినా జనార్ధన్ చదివిన ఆరు పేర్లలో అతనిదే మొదటిది. పాతమనిషి, ఉండనీయండని చలపతిరావే చెప్పాడట. శివమ్మ పేరు లేదు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

కుర్మయ్యకు ముందు ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషం అబద్ధం కాదు. తరవాత రేపటి పెట్టెలు కళ్లముందు కదిలాయి.

"సార్, రేపట్నుంచి గీ బల్బు పెట్టుకోనిస్తరా?"

"అది తీసేయమన్నరు పెద్దయ్యా. టైం దండుగ."

"అట్లయితే నా పేరు కొట్టేయిండ్రి. శివమ్మ చేతులు మంచిగ ఆడుతయ్, ఆమెను రాస్కోండ్రి. సూడకుండ సుట్టుడు నాతోని గాదు."

శివమ్మే అతని మీద పడింది. "నెత్తి ఖరాబయిందా అన్నా? ఇంట్ల తారాబాయి వదినెకు ఏం జెప్తవ్?"

"ఏమో. బస్సుల ఆలోచిస్త," అన్నాడు.

చేతులు కడుక్కుని గేటు దాటాడు. "కార్డు కొట్టలేదు కుర్మన్నా!" అని వాచ్‌మన్ రామయ్య కేకేశాడు. షామీర్‌పేట బస్సు అప్పుడే కదులుతోంది. వినబడలేదో, వినదలచుకోలేదో, పరుగున వెళ్లి ఎక్కేశాడు. గేటు పక్క గోడ అరలో అతని హాజరు కార్డు ఉండిపోయింది. పొద్దున ఎనిమిదింటికి లోపలికి వచ్చినట్టు అచ్చు పడి ఉంది, బయటికి వెళ్లిన గడి ఖాళీ.