రేవు కార్మికుల హాలు

హాలిఫాక్స్ నగరం ఉత్తరపు పేటలో రేవు కార్మికులు కట్టుకున్న హాలు ఒకటి ఉండేది. వాళ్ల సంఘం చెదిరిపోయి హాలు నగరం చేతికి వచ్చాక, ఏ రికార్డు కంపెనీ అండా లేని మా బోటి బ్యాండ్‌లన్నిటికీ అదే దిక్కయింది. టెస్ పాడేది, నేను బాస్ గిటార్ వాయించేదాన్ని, రాయిస్ డ్రమ్స్ కొట్టేవాడు. మా పాటలన్నీ అద్దెలు కట్టలేక పార్కులో గుడారాలు వేసుకున్నవాళ్ల గురించే.

వాళ్లకోసమే రాయిస్ నగర సభ ఎన్నికల్లో నిలబడ్డాడు. అక్టోబరు చలివానలో గడపగడపకూ తిరిగి పాడాం. గెలిచాడు.

మరుసటి వసంతంలో మమ్మల్ని హాలుకు పిలిచాడు. కోటు కూడా విప్పకుండా చెప్పాడు.

"ఈ హాలు పడగొట్టి, తక్కువ అద్దె ఇళ్లు కడతారు. అరవై కుటుంబాలకి. నేనూ సరేనని చెయ్యెత్తాను."

"ఒరేయ్, ఊళ్లో ఇంకెక్కడా జాగా దొరకలేదా నీకు?" అంది టెస్.

"నగరం చేతిలో ఉన్నది ఇదొక్కటే. వద్దనమంటావా? చెప్పు, రేపే లేచి వద్దంటా."

మేం పాడి అడిగిందే ఇస్తున్నారు. ఇక ఎవరి మీద జెండా ఎత్తాలి?

"పోరా, పెద్దమనిషివయ్యావు," అంది టెస్.

ఆఖరి కచేరీకి డోరీన్ వచ్చి ముందు వరసలో కూర్చుంది. అరవై దాటిన మనిషి, పార్కులో నీలం గుడారం ఆమెది.

"అమ్మాయ్, నాకు పై అంతస్తే కావాలి. కింద గదైతే నేను రాను, ముందే చెప్తున్నా!" అంది. టెస్ నవ్వబోయి ఏడ్చేసింది.

జూన్‌లో యంత్రాలొచ్చాయి. చూస్తుండగానే హాలు ఇటుకల కుప్పయింది.

ఆకులు రాలే వేళకు రాష్ట్ర ప్రభుత్వం తన వంతు నిధులు ఇవ్వనంది. రాయిస్ నగర సభలో అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. మేం శాసనసభ ముందు నిలబడి పాడాం. లోపలి నుంచి వచ్చిన ఒక ఉద్యోగిని మా పాటకి చప్పట్లు కొట్టి, "చాలా బావుందండీ," అని బస్సెక్కి వెళ్లిపోయింది. ఖాళీ స్థలానికి ఇనుప కంచె వేశారు.

ఆ సాయంత్రం రాయిస్ టెస్ వంటింట్లో కూలబడ్డాడు. "నన్ను తిట్టు టెస్. ఎవరో ఒకరు తిట్టాలిగా."

"తిడితే ఏమొస్తుంది రా? చల్లారిపోతోంది, తిను," అని బీన్స్ గిన్నె అతని ముందుకు జరిపింది.

మొదటి మంచు పడకముందే పార్కులో గుడారాలు పీకేశారు. డోరీన్‌ను రేవుకు అవతలి ఒడ్డున డార్ట్‌మత్‌లో ఇల్లు లేనివాళ్ల ఆశ్రయానికి పంపామన్నారు. టెస్, నేను ఫెర్రీ పడవ ఎక్కి వెళ్లాం. ఆమె అక్కడ నిలవలేదట. ఎటు వెళ్లిందో ఎవరికీ తెలియదట. ఆ పేటంతా చీకటి పడేదాకా తిరిగి, కనబడ్డవాళ్లనల్లా అడిగాం.

తిరిగి వచ్చే ఫెర్రీలో ఇద్దరం బయటే నిలబడ్డాం. లోపలికి వెళ్లి వెచ్చగా కూర్చోవడానికి మాకు మనసు రాలేదు.