మలక్‌పేట్ రౌటర్‌కు ఫోన్ చేసిన రోజు

అది 2002, వానాకాలం. మేడ్చల్‌లో ఒక విత్తనాల కంపెనీ ఉండేది. అక్కడి కంప్యూటర్లన్నీ రోజారాణి చూసుకునేది. ఆమెకు తలనొప్పంతా లాల్‌గడి మలక్‌పేట్ గోదాముతోనే. మేడ్చల్ ఆఫీసునూ ఆ గోదామునూ కలిపే లైను వాన పడితే పోయేది. వాన వెలిసి లైను బాగైనా, గోదాములో ఆ లైనును అందుకునే రౌటర్ బిగుసుకుపోయి కూర్చునేది. అప్పుడు రోజారాణి బస్సెక్కి, ఆటో మారి అక్కడికి పోయి, రౌటర్‌కు కేబుల్ తగిలించి రెండు కమాండ్లు కొట్టి వచ్చేది. ఆ రెండు కమాండ్ల కోసం ఒక పూటంతా పోయేది.

రౌటర్ వెనక ఎవరూ వాడని సీరియల్ పోర్టు ఒకటుంది. దానికి, ఫోన్ తీగ మీద కంప్యూటర్లను మాట్లాడించే మోడెమ్ పెట్టి ఫోన్ లైను ఇస్తే, మేడ్చల్‌లోనే కూర్చుని రౌటర్‌లోకి పోవచ్చు. ఆ సంగతి చదివినప్పటి నుంచి ఆమెకు కాలు ఒకచోట నిలవలేదు.

ఆ మాట చెబితే మేనేజరు మధుసూదన్ నవ్వాడు. "ఫోన్ జేస్తే రౌటర్ ఎత్తుతదా?"

"ఎత్తుతది సార్. నేను ఎత్తిస్త."

మర్నాడు పొద్దున్నే ఒక పాత మోడెమ్ సంచిలో వేసుకుని గోదాముకు పోయింది. అక్కడ బిల్లులు రాసే దుర్గాబాయి కంప్యూటర్‌కు ముందు మోడెమ్ కలిపి, రింగు రాగానే ఎత్తుకోమని దానికి నేర్పింది. తర్వాత దాన్ని రౌటర్ పోర్టుకు మార్చి, పాస్‌వర్డ్ పెట్టి, గోదాములో ఉన్న రెండు ఫోన్ లైన్లలో ఒకటి దానికిచ్చి, మేడ్చల్ బస్సెక్కింది.

ఆఫీసుకు రాగానే అక్కడి మోడెమ్‌తో డయల్ చేసింది. రెండు మోడెమ్‌లూ కీచుకీచుమంటూ పలకరించుకున్నాయి. కలిసిందని తెర మీద వచ్చింది. ఎంటర్ కొడితే మాత్రం అన్నీ పిచ్చి గుర్తులే.

ఎత్తనైతే ఎత్తింది, మాటే తెలియడం లేదు. కాసేపటికి ఆమె నెత్తి కొట్టుకుంది. దుర్గాబాయి కంప్యూటర్ మాట్లాడే వేగమే మోడెమ్ గుర్తుపెట్టుకుంది. రౌటర్ పోర్టు వేగం దానికంటే చాలా తక్కువ. రోజారాణి గోదాములోని రెండో ఫోనుకు చేసింది.

"దుర్గక్కా, మోడెమ్‌ను రౌటర్ నుంచి తీసి మళ్ల నీ కంప్యూటర్‌కు పెడ్తవా? పొద్దుగాల్ల వాడిన కేబుల్ ఆడనే ఉంది."

"నేనా? కాలిపోతే ఎవలది జిమ్మెదారి?"

"ఏం కాదక్కా. నేను జెప్పినట్టు జెయ్యి."

కంప్యూటర్‌లో వేగాన్ని రౌటర్ పోర్టుకు సరిపడా తొమ్మిది వేల ఆరు వందలకు మార్పించి, మోడెమ్‌ను పిలిచే అక్షరాలు ఒక్కొక్కటే చెప్పింది. ఏ, టీ, ఎంటర్. అవతల కీబోర్డు టకటకమంది.

"రోజా," దుర్గాబాయి ఫోన్‌లో అరిచింది. "ఓకే అని వచ్చింది. గిది నాకు జవాబిస్తాంది."

"మస్తు. ఇగ రింగుకు ఎత్తుకొమ్మని మళ్ల జెప్దాం, గుర్తుంచుకొమ్మని గూడ."

ఇంకో రెండు ఓకేలు వచ్చాయి. దుర్గాబాయి మోడెమ్‌ను తిరిగి రౌటర్‌కు పెడుతుండగా మధుసూదన్ గదిలోకి వచ్చాడు.

"షామీర్‌పేట దిక్కు వాన గొట్టి పోయిందంట. మలక్‌పేట్ లైను పోయి వచ్చింది గని రౌటర్ లేస్తలేదు. బిల్లుల్లేక లారీలు గేటు కాడ నిలబడ్డయ్. జల్దీ బస్సెక్కు."

"జర కూసోండి సార్."

ఆమె డయల్ చేసింది. ఆ కీచుమనే చప్పుడు విని ఆయన మొహం చిట్లించాడు. ఎంటర్ కొట్టింది. ఈసారి తెర మీద తిన్నగా, శుభ్రంగా ఒక్క మాట: పాస్‌వర్డ్. ఆమె తొందరలో పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టి మూడోసారి లోపలికి పోయింది. లైను మూసే కమాండు ఇచ్చింది. తెరిచే కమాండు ఇచ్చింది. ఇద్దరూ తెరకేసి చూస్తూ కూర్చున్నారు.

బల్ల మీది ఫోను మోగింది.

"రౌటర్ మీది పచ్చ లైటు ఎలిగింది రోజా," దుర్గాబాయి ఒకటే నవ్వుతోంది. "ప్రింటర్‌ల బిల్లులు పడుతున్నయ్. ఈడ ఎవ్వలు ముట్టనే లేదు."

మధుసూదన్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "మళ్లొక్కసారి జేసి సూపియ్యి."

"నడిచే లైన్‌ను తెంపుతరా సార్?" అంది రోజారాణి, ఆపుకోలేని నవ్వుతో. "మన కీసర గోదాంల గూడ రెండు ఫోన్లున్నయ్. ఇంకో మోడెమ్ ఇప్పియ్యుండ్రి, రేపే పోత."